మిగులు గురుత్వాకర్షణ

గుమ్మిడివలస ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి పరిశోధన వచ్చిపడింది. ఎండాకాలంలో కరెంటు కోత ఎలా వస్తుందో అలాగే వచ్చింది. పైనుంచి, చెప్పాపెట్టకుండా, సరిగ్గా భోజనాల వేళకి.

ఫిజిక్సు చెప్పే గేదెల సన్యాసిరావు అప్పుడే క్యారేజీ విప్పి, గోంగూర వాసన చూసి, జీవితం మరీ అంత చెడ్డదేమీ కాదనుకుంటున్నాడు. ఇంతలో అటెండరు కూర్మయ్య గుమ్మంలో నిలబడ్డాడు.

"ప్రిన్సిపాల్ గారు ఉన్నపళంగా రమ్మంతన్నారండి. మనకి పరిశోధన వచ్చిందట."

"ఎవరికి?" అన్నాడు సన్యాసిరావు కంగారుగా.

"అందరికీనండి. ఒక్కరినీ వదల్లేదట."

సన్యాసిరావుది కాంట్రాక్టు ఉద్యోగం. ప్రతి ఏడూ వేసవి సెలవులకి అది పోతుంది. సెలవుల తరవాత ప్రిన్సిపాలుగారి దయ ఉంటే మళ్లీ వస్తుంది. అందుచేత ప్రిన్సిపాలుగారు ఉన్నపళంగా రమ్మంటే, ఆయన చెయ్యి కూడా కడుక్కోకుండా వెళ్లే రకం. ఆవేళా అలాగే వెళ్లాడు.

ప్రిన్సిపాలు డాక్టర్ నీలాద్రిరావుగారిది కామర్సు. సైన్సంటే ఆయనకి ఎనలేని గౌరవం, బొత్తిగా పరిచయం లేదు కాబట్టి. ఆయన కళ్లజోడు సవరించుకుని, మండలి నుంచి వచ్చిన ఉత్తర్వుని మంత్రపుష్పంలా చదివారు.

"ఉన్నత పరిశోధనా మండలి వారు చరిత్రాత్మక నిర్ణయము గైకొనియున్నారు. ఇకమీదట డిగ్రీ సైన్సు విద్యార్థి ప్రతి ఒక్కరును ఇంతకుముందు ఎవరును కనిపెట్టని విషయమును ఒకటి చొప్పున కనిపెట్టవలెను. కనిపెట్టని యెడల పట్టా ఇవ్వబడదు. ఆవిష్కరణలు యావత్తును ఫిబ్రవరి నెలాఖరులోగా పూర్తి గావించవలెను. మార్చిలో ఆడిటు ఉన్నది."

కెమిస్ట్రీ మేడమ్ లేచి, "సార్, మా ల్యాబులో కుళాయికి నీళ్లు రావు కదా," అంది.

"నీళ్లు లేకుండా కనిపెట్టగలిగినవే కనిపెట్టించండమ్మా. సైంటిస్టుకి ఇబ్బందులు సహజం."

"ఏం కనిపెడతామో ముందే రాసి పంపాలట. ముందే ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు బోటనీ ఆయన.

ప్రిన్సిపాలుగారు జాలిగా చూశారు. "ముందే తెలియకుండా ఏ పనైనా మొదలుపెడతామా మాస్టారూ? పెళ్లిచూపులు కూడా కట్నం మాటలయ్యాకే కదా."

బోటనీ ఆయన కూర్చున్నాడు.

గుమ్మిడివలస బిడ్డలు చేతకానివాళ్లేం కాదు. పండగలోపే ఆవిష్కరణలు వరస కట్టాయి. జువాలజీ వాళ్లు గుమ్మిడివలస దోమకి ఆరు కాళ్లుంటాయని కనిపెట్టారు. దోమకి ఆరు కాళ్లని లోకానికి తెలుసు కానీ, గుమ్మిడివలస దోమ గురించి ఇంతవరకూ ఎవరూ అధికారికంగా చెప్పలేదు. బోటనీ వాళ్లు కాలేజీ వెనక ఖాళీ జాగాలో మొక్కలు లెక్కపెట్టి, మేకలు వచ్చి వెళ్లాక మళ్లీ లెక్కపెట్టి, రెండింటికీ తేడా ఉందని కనిపెట్టారు. కెమిస్ట్రీ వాళ్లు నీళ్లు లేని చోట ఉప్పు కరగదని తేల్చారు. ప్రిన్సిపాలుగారు అన్నిటిమీదా సంతకాలు పెట్టి, సైన్సు ఇంత సులువని తెలిస్తే కామర్సు తీసుకునేవాణ్నే కాదన్నారు.

మిగిలింది ఫిజిక్సు. అందులో మూడో సంవత్సరం చదివేది ఒకే ఒక్క పిల్ల, కోరాడ హైమ. వాళ్ల నాన్న బస్టాండు అరుగు మీద గొడుగులు బాగుచేస్తాడు. హైమకి విశాఖలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. ఎంట్రన్సులో మంచి ర్యాంకే తెచ్చుకుంది. జూన్‌లో డిగ్రీ పట్టా చూపించాలి, లేకపోతే సీటు వెనకాల వాళ్లకి పోతుంది. పట్టా రావాలంటే ఆవిష్కరణ కావాలి, దానికింద గైడుగా సన్యాసిరావు సంతకం కావాలి.

"ఏం చేద్దామంటావమ్మా?" అని అడిగాడు సన్యాసిరావు.

"లోలకం చేస్తాను సార్. మన దగ్గర పనిచేసే సామాను అదొక్కటే ఉన్నాది."

దారానికి ఇనపగుండు కట్టి, ఊపి, ఒక్కో ఊపుకి ఎంతసేపు పట్టిందో చూసి, దారం పొడుగు కొలిచి, భూమి వస్తువుల్ని ఎంత బలంగా కిందికి లాగుతోందో లెక్కగట్టే ప్రయోగం అది. ఆ జవాబుని జీ విలువంటారు, అది సెంటీమీటర్ల లెక్కలో తొమ్మిది వందల ఎనభై ఒకటి రావాలి. గుమ్మిడివలస కాలేజీలో అది ఎప్పుడూ అంతే వచ్చింది. ఒక్క చుక్క ఎక్కువ రాలేదు, తక్కువ రాలేదు. ఎందుకంటే అక్కడి పద్ధతి వేరు. ముందు రికార్డు పుస్తకంలో అట్టడుగున 981 అని రాసి, దానికింద ఎర్రసిరాతో గీత గీస్తారు. అక్కణ్నుంచి పైకి లెక్కచేసుకుంటూ వెళ్లి, ఎన్ని సెకన్లు పట్టి ఉండాలో, దారం ఎంత పొడుగుండి ఉండాలో తేలుస్తారు. అంతా అయ్యాక, తీరికుంటే, గుండు ఊపుతారు. సాధారణంగా తీరిక ఉండదు. సన్యాసిరావు తను చదువుకున్నప్పుడూ అలాగే చేశాడు, తన మాస్టారూ అలాగే చేశాడు. ఆయన దృష్టిలో అది మోసం కాదు, ఆచారం. ఎవరికీ నష్టం లేని ఆచారం.

హైమకి ఆ ఆచారం తెలియక కాదు. ఆవిష్కరణ కావాలంటున్నారు గదా, ఒకసారి నిజంగానే ఊపి చూద్దామనుకుంది. కూర్మయ్య బీరువా తాళం తీసి స్కేలు, గుండు, స్టాప్‌వాచీ ఇచ్చాడు. మీటరు పొడుగు చెక్కస్కేలు. దాని చివర్న కాలేజీ వాళ్లు స్టాకు నంబరు నీలిరంగు పెయింటుతో ఎంత శ్రద్ధగా రాశారంటే, మొదటి అంకెలు దానికింద కనపడకుండా పోయాయి.

సాయంత్రానికి హైమ స్టాఫ్ రూముకి వచ్చింది.

"సార్, వెయ్యీ ఇరవై రెండు వస్తంది సార్."

"ఏటి వెయ్యీ ఇరవై రెండు?"

"జీ విలువ సార్. ఎన్నిసార్లు ఊపినా అంతే వస్తంది."

సన్యాసిరావు నవ్వాడు. "మరేటి, 981 రాసేసి వెళ్లిపో అమ్మా. నీకు తెలీందేవుంది?"

"981 అందరికీ తెలిసిందే కదండి. ఎవరూ కనిపెట్టనిది కావాలన్నారు గదా. ఇది ఎవరూ కనిపెట్టలేదు."

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాలుగారు సంతకాల కోసం అటు వచ్చారు. ఏమిటి సంగతన్నారు. సన్యాసిరావు విషయాన్ని చిన్నది చేసి చెబుదామని, "ఏం లేదండి, మన కాలేజీలో భూమ్యాకర్షణ కొంచెం ఎక్కువొచ్చింది," అన్నాడు. ఆ ఒక్క వాక్యానికి తరవాత ఆయన ఎన్నో రాత్రులు పశ్చాత్తాపపడ్డాడు.

నీలాద్రిరావుగారు కిటికీలోంచి కాలేజీని చూశారు. ఆయన ముఖంలో ఏదో వెలుగు మొదలైంది.

"మాస్టారూ! భూమి ఎక్కువ లాగుతోందంటే, ఇక్కడ వస్తువులు ఎక్కువ పడతాయనేనా అర్థం?"

"అంటే... సూత్రం ప్రకారం... అంతేనండి."

"అదీ సంగతి! వరండాలో స్లాబు పెచ్చులు ఊడి పడుతున్నాయని నామీద ఫిర్యాదు. ఏటేటా పాస్ పర్సంటేజీ పడిపోతోందని నాకు మెమో. అడ్మిషన్లు పడిపోయాయి. మా బల్లమీద ఫైలు పెడితే కదలదు, ఎంత తోసినా కదలదు. పిల్లలు బెంచీల మీంచి లేవరు. ఇన్నాళ్లూ నాది చేతకానితనం అనుకున్నారు మాస్టారూ. కాదు. గురుత్వాకర్షణ!"

ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఇన్నాళ్లూ ఆయన మద్దెల కోసమే వెతుకుతున్నారు. ఇప్పుడు భూగోళమంత మద్దెల దొరికింది.

మర్నాడు జిల్లా పేజీలో వార్త వచ్చింది. వారం తిరక్కుండా కాలేజీ గేటుకి బ్యానరు కట్టారు: 'అధిక గురుత్వాకర్షణ గల ఏకైక కళాశాల. అడ్మిషన్లు జరుగుచున్నవి.' స్టాఫు సంఘం ఒక తీర్మానం చేసింది. మామూలు కాలేజీల్లో లెక్చరరు చాక్‌పీసు ఎత్తడానికి పెట్టే శ్రమ కన్నా ఇక్కడ ఎక్కువ పెడుతున్నాం కాబట్టి గురుత్వ భత్యం ఇవ్వాలని. ఆటల మాస్టారు హైజంపులో మనవాళ్లు ఎప్పుడూ ఎందుకు ఓడిపోతారో ఇప్పుడు అర్థమైందని కళ్లు తుడుచుకున్నాడు. క్యాంటీను గవరయ్య ఇడ్లీ సైజు తగ్గించేశాడు.

"ఇదేం ఇడ్లీ, రూపాయి బిళ్లంత ఉంది," అని సన్యాసిరావు గొడవపడితే, "సూడ్డానికే సిన్నదండి. బరువు అంతే తూగుద్ది. మీరు సెప్పిందే గదా బాబూ," అన్నాడు గవరయ్య.

సన్యాసిరావు ఇడ్లీ మింగలేక మింగాడు. ఊళ్లో ఎటు వెళ్లినా నమస్కారాలే. కిరాణా కొట్టు ఆయన పప్పు తూచుతూ, "మీ కాలేజీ ఇంకో రెండు వీధులివతల కడితే మాకు బాగుండేది మాస్టారూ," అన్నాడు. కీర్తి ఎంత ప్రమాదకరమైందో సన్యాసిరావుకి అప్పుడే తెలిసింది.

ఈ సందడంతా హైమకి పట్టలేదు. ఆ పిల్ల ఇంకా గుండు ఊపుతూనే ఉంది. ఒక మధ్యాహ్నం ల్యాబులోకి సన్యాసిరావుని పిలిచింది.

"సార్, ఇదేదో తేడాగా ఉన్నాది. దారం మీటరు పెడితే వెయ్యీ ఇరవై రెండు వస్తంది. సగం చేసి పెడితే ఇంకా పెరిగిపోతంది. దారం ఎంత పొట్టిదైతే ఆకర్షణ అంత ఎక్కువ వస్తంది సార్. భూమికి పొట్టి దారం, పొడుగు దారం తేడా ఏటి తెలుసుద్దండి?"

ఆయన ఆలోచించేలోపే గుమ్మం దగ్గర ప్రిన్సిపాలుగారి గొంతు వినపడింది. పత్రికలవాళ్లకి ల్యాబు చూపిస్తున్నారాయన.

"విన్నారుగా! పొట్టివాటిమీద ప్రభావం మరింత అధికం! రాసుకోండి."

నీలాద్రిరావుగారు స్వయంగా ఐదడుగులకి అటూఇటూగా ఉంటారు. గురుత్వ భత్యం ఎత్తుని బట్టి నిర్ణయించాలని మర్నాడే సవరణ తీర్మానం పెట్టించారు.

పత్రికలవాళ్లు వెళ్లాక హైమ గొంతు తగ్గించింది. "సార్, తప్పు భూమిది కాదు సార్. స్కేలుది. ప్రతి కొలతలోనూ నాలుగు సెంటీమీటర్లు తీసేసి లెక్కకట్టి సూసినాను. ఎంత దారం పెట్టినా 981కి దగ్గిరకే వచ్చేస్తంది. ఈ స్కేలుకి మొదట నాలుగు సెంటీమీటర్లు లేవు, అందుకే దారం ఉన్నదానికన్నా నాలుగు ఎక్కువ చూపిస్తంది."

సన్యాసిరావు స్కేలు చేతిలోకి తీసుకున్నాడు. జీవితంలో మొదటిసారి దాన్ని చూశాడు. పది అన్న అంకె చివరికి మరీ దగ్గరగా ఉంది. నీలిరంగు గోటితో గీకితే, దానికింద రంపం కోసిన గుర్తు.

"అమ్మా హైమా. ఇది మనిద్దరి మధ్యే ఉండనీ. ఊరంతా బ్యానర్లు కట్టేశారు. జూన్‌లో నా కాంట్రాక్టు రెన్యువలుంది. నువ్వు వెయ్యీ ఇరవై రెండని రాసేయ్. నేను కళ్లు మూసుకుని సంతకం పెడతాను. పట్టా తీసుకుని చక్కగా విశాఖ వెళ్లిపో."

"వెళ్లాక అక్కడ ఎవరైనా అడిగితే ఏటి చెప్పమంటారు సార్? మా ఊళ్లో భూమి వేరని చెప్పాలా?"

హైమ స్కేలు బీరువాలో పెట్టి, "నేను నిజం లెక్కే రాస్తాను సార్. సంతకం మీ ఇష్టం," అని వెళ్లిపోయింది. ఆ రోజు సన్యాసిరావుకి గోంగూర కూడా సయించలేదు. పిల్ల సీటు ఒకవైపు, తన కూడు ఒకవైపు. ఎటు చూసినా తనే కనపడుతున్నాడు, అదీ బాగా పొట్టిగా.

ఫిబ్రవరిలో మండలి నుంచి తాఖీదు వచ్చింది. ప్రిన్సిపాలుగారు ప్రశంసాపత్రమనుకుని స్టాఫందరి ముందూ గట్టిగా చదవడం మొదలుపెట్టారు.

"మీ కళాశాలకు మంజూరైన గురుత్వాకర్షణ 981 కాగా, వాస్తవముగా 1022 నిల్వ ఉన్నట్లు పత్రికాముఖముగా తెలియవచ్చినది. సదరు మిగులు 41 ఏ పద్దు క్రింద, ఎవరి అనుమతితో సమకూర్చుకొనబడినదో సంజాయిషీ ఇవ్వవలెను. ఆర్థిక సంవత్సరాంతములోగా సదరు మిగులును సరెండరు చేయవలెను, లేదా గురుత్వాకర్షణ కొరతగల పొరుగు కళాశాలకు బదలాయించవలెను. విచారణ నిమిత్తము మండలి సంయుక్త కార్యదర్శి శ్రీ అనంతపద్మనాభం గారు స్వయముగా విచ్చేయుదురు."

చివరి మాటలకి ఆయన గొంతు పూర్తిగా దిగిపోయింది. అయినా నీలాద్రిరావుగారు ఆషామాషీ మనిషి కాదు. వెంటనే పొరుగు కాలేజీకి లేఖ పంపారు, నలభై ఒకటి మిగులుంది, పట్టుకెళ్లండని. వాళ్లు మర్యాదగానే జవాబిచ్చారు. పుచ్చుకోవడానికి అభ్యంతరం లేదు గానీ రవాణా మీదే, పైగా మా గదులన్నీ పరీక్షలకి ఇచ్చేశాం, పెట్టుకోవడానికి చోటు లేదని.

"పోనీ మాస్టారూ, ఆ మిగులు కొంచెం కొంచెంగా వాడేస్తే పోదా?" అని అడిగారు ప్రిన్సిపాలుగారు దీనంగా.

అనంతపద్మనాభంగారు వచ్చిన రోజున కాలేజీ అంతా మామిడి తోరణాలు కట్టారు. పెచ్చులూడిన చోట బ్యానరు కప్పారు. ఆయన భారీ మనిషి. గదిలోకి వస్తూనే ప్రిన్సిపాలుగారి కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ బల్లమీద ఆనించి, సంచిలోంచి విచారణ నివేదిక తీశారు. అది అప్పటికే టైపు కొట్టి ఉంది. అడుగున సంతకం కూడా అయిపోయింది.

సన్యాసిరావుకి ఆ నివేదిక చూడగానే ఎక్కడో చూసినట్టనిపించింది. ముందు జవాబు, తరవాత ప్రయోగం. ఈ ఆచారం గుమ్మిడివలసదే అనుకున్నాడు ఇన్నాళ్లూ. కాదు, పైనుంచే వస్తోంది.

"విద్యార్థినిని ప్రవేశపెట్టండి," అన్నారు పద్మనాభంగారు.

హైమ స్కేలు, గుండు పట్టుకుని వచ్చింది. బెదరలేదు.

"అమ్మాయీ, మిగులు గురుత్వాకర్షణను కనుగొన్నది నీవేనా?"

"మిగులేటీ లేదండి. స్కేలు పొట్టిదండి. నాలుగు సెంటీమీటర్లు తక్కువున్నాది. సరిగ్గా కొలిస్తే అందరికొచ్చినట్టే 981 వస్తంది."

ప్రిన్సిపాలుగారు నవ్వబోయి ఆగిపోయారు. పద్మనాభంగారు తల తిప్పి, "మార్గదర్శకులు ఎవరు?" అన్నారు.

సన్యాసిరావు లేచాడు.

"మీరు ఎంతగా గమనించియున్నారు? వెయ్యీ ఇరవై రెండా, తొమ్మిది వందల ఎనభై ఒకటా?"

ప్రిన్సిపాలుగారు కళ్లతోనే బతిమాలారు. ఆ కళ్లలో రెన్యువలు కనపడింది. పక్కన హైమ స్కేలు గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది. గొడుగులు బాగుచేసే మనిషి కూతురు. ఆ స్కేలు ఎవరూ ముట్టుకోనప్పుడు ముట్టుకున్న పిల్ల. సన్యాసిరావుకి హఠాత్తుగా సిగ్గేసింది.

"నేను ఎన్నడూ గమనించలేదండి," అన్నాడు. "ఇన్నేళ్లుగా పాఠం చెబుతున్నాను గానీ, ఆ గుండు ఒక్కసారి కూడా ఊపలేదు. అమ్మాయి ఊపింది. అమ్మాయి చెప్పిందే నిజం. సంతకం నేను పెడతాను."

"ప్రభుత్వ స్కేలు పొట్టిగా ఉండుట ఎట్లు సంభవము?" అని గర్జించారు పద్మనాభంగారు.

గోడకి ఆనుకుని నిలబడ్డ కూర్మయ్యకి, ఎవరూ అడక్కపోయినా, తనకి తెలిసింది చెప్పడం ధర్మమనిపించింది.

"అది నేను కోసిందేనండి. కొత్త బీరువా వచ్చినప్పుడు స్కేలు పట్టలేదండి. తలుపు పడకపోతే సామాను పోద్దని ప్రిన్సిపాల్ గారు కోసీమన్నారు. రాతకోతలతోనే ఆర్డరిచ్చినారండి, 'పరికరముల పరిరక్షణ నిమిత్తము' అని."

"ఆ ముక్క ఏదీ?"

"ప్రభుత్వ సొమ్ము పారేత్తామా బాబూ? తవురు చేతులానించిన బల్ల ఊగేదండి. దాని కాలి కిందే ఉంచినాను."

అందరూ ఒక్కసారి వంగారు. పద్మనాభంగారు కూడా వంగారు. బల్ల కాలి కింద చిన్న చెక్కముక్క, దానిమీద సున్నా, ఒకటి, రెండు, మూడు అని అంకెలు స్పష్టంగా కనపడుతున్నాయి. చంకలో పిల్లని పెట్టుకుని సంతంతా వెతకడమంటే ఇదే. హైమ కూర్చుని ముక్కని లాగింది. బల్ల ఒక్కసారి ఒరిగింది. టీ కప్పు జారి నివేదిక మీద బోర్లాపడింది. సంతకం మాత్రం తడవలేదు.

హైమ ముక్కని స్కేలు చివరికి ఆనించింది. సరిగ్గా సరిపోయింది.

పద్మనాభంగారు తడిసిన నివేదికని పక్కకి నెట్టారు. "అయినను చిక్కు ఉన్నది. ఉత్తర్వు ప్రకారము ఆవిష్కరణ నూతనమై ఉండవలెను. 981 అనునది ఇదివరకే కనిపెట్టబడినది. కావున విద్యార్థిని ఏమియు కనిపెట్టనట్లే. పట్టా ఇచ్చుటకు వీలుపడదు."

హైమ మొహం పాలిపోయింది. నిజం చెప్పినందుకే పోతోందన్నమాట సీటు. సన్యాసిరావుకి కోపం వచ్చింది. ఆయనకి కోపం రావడం ఆ కాలేజీలో ఎవరూ చూడలేదు. ఆయనా చూడలేదు.

"981 పాతదేనండి. స్కేలు పొట్టిదన్నది కొత్తదా కాదా? ఇన్నేళ్లలో ఎవరు కనిపెట్టారు? నేను కనిపెట్టానా? ప్రిన్సిపాల్ గారు కనిపెట్టారా? కిందటేడు పైనుంచి తనిఖీకి వచ్చినవారు ఈ ల్యాబంతా చూసి, పరికరాలన్నీ సలక్షణంగా ఉన్నాయని రాసి వెళ్లారు గదా, వారు కనిపెట్టారా?"

ప్రిన్సిపాలుగారు కింది పెదవి కొరుక్కున్నారు. కిందటేడు తనిఖీకి వచ్చినవారు ఇప్పుడు ఆయన కుర్చీలోనే కూర్చుని ఉన్నారు.

పద్మనాభంగారి నుదురు ముడిపడింది. ఆయన లోపల పెద్ద లెక్కే నడిచింది. ఆ స్కేలు పొట్టిదని ఎవరైనా చూడగానే తెలుస్తుందంటే, చూసి కూడా తెలుసుకోని తనిఖీ అధికారికి మెమో తప్పదు. మహామహులకి సైతం అంతుపట్టని విషయమంటే, ఎవరి తప్పూ లేదు. ఆయన ముఖం మెల్లగా విప్పారింది.

"నిస్సందేహముగా ఇది ఒక మహత్తర ఆవిష్కరణ," అన్నారు. "సామాన్య నేత్రమునకు ఏ మాత్రమును గోచరింపని విషయము. నిష్ణాతులైన తనిఖీ అధికారులకు సైతము అందని విషయము. ముఖ్యముగా వారికి అందని విషయము. విద్యార్థినికి అత్యున్నత శ్రేణి ఇవ్వవలసినదిగా సిఫార్సు చేయుచున్నాను."

"మరి మిగులు నలభై ఒకటి?" అన్నారు ప్రిన్సిపాలుగారు, ప్రాణం లేచివచ్చి.

"గడువు లోపలనే పూర్తిగా సరెండరు చేసినట్లు నమోదు చేయబడును. మీ కళాశాలకు అభినందనలు."

ఆ ఏడు అధిక గురుత్వాకర్షణని సకాలంలో తగ్గించిన ఉత్తమ ప్రిన్సిపాలుగా నీలాద్రిరావుగారికి శాలువా కప్పారు. ఆ సంతోషంలో ఆయన సన్యాసిరావు రెన్యువలు మీద చూడకుండానే సంతకం పెట్టేశారు. గవరయ్య ఇడ్లీ మాత్రం మళ్లీ పెరగలేదు.

జూన్‌లో హైమ పట్టా తీసుకుని విశాఖ వెళ్లింది. బస్టాండులో వాళ్ల నాన్న సన్యాసిరావుకి ఒక పాత గొడుగుని కొత్త ఊచలు వేసి ఇచ్చాడు. డబ్బు పుచ్చుకోలేదు.

కాలేజీ తెరిచిన వారంలో ల్యాబుకి కొత్త స్కేలు వచ్చింది. దాంతోపాటే మూడో సంవత్సరం పిల్లల ఆవిష్కరణ ప్రతిపాదనలూ వచ్చాయి. పోయినేడు అత్యున్నత శ్రేణి తెచ్చిపెట్టిన అంశం కాబట్టి, అందరూ ఒకటే రాశారు: 'మా కళాశాల స్కేలు పొట్టిగా ఉన్నదని కనుగొనుట.' ప్రిన్సిపాలుగారు అన్నిటినీ ఆమోదించారు.

వరండాలో నడుస్తున్న సన్యాసిరావుకి ల్యాబులోంచి రంపం చప్పుడు వినపడింది. గొడుగుతో సహా పరిగెత్తాడు. కూర్మయ్య కొత్త స్కేలుని బెంచీకి ఆనించి, సరిగ్గా నాలుగు సెంటీమీటర్ల దగ్గర గీత గీసుకుని, రంపం పెట్టాడు.

"ఆగు! ఏటి చేస్తన్నావు?"

"పిల్లల పరిశోధనకండి. పొట్టిగా లేకపోతే ఏటి కనిపెడతారు పాపం? పైగా బీరువా కూడా పాతదే గదండి."

సన్యాసిరావు స్కేలు లాక్కుని గుండెకి హత్తుకున్నాడు. చివర్న రంపం పన్ను ఒక్కటి దిగింది, అంతే. "కోయాలనుంటే ఆ బీరువా తలుపుకి కన్నం కొయ్యి," అన్నాడు. కూర్మయ్య ఆయన్ని ఎగాదిగా చూసి, రాతపూర్వకంగా ఇమ్మన్నాడు. సన్యాసిరావు అక్కడే కాగితం మీద రాసి, కింద తన పేరు పెట్టి ఇచ్చాడు.

అప్పట్నుంచి ఆ బీరువాలోంచి స్కేలు నాలుగు వేళ్ల మేర బయటికి పొడుచుకు వచ్చి ఉంటుంది. అటు వెళ్లే ప్రతివాళ్లకీ మోచెయ్యి తగులుతుంది. ప్రిన్సిపాలుగారికి రెండుసార్లు భుజానికే తగిలింది.

ఆ సాయంత్రం సన్యాసిరావు తలుపు దగ్గరగా వేసుకుని గుండు కట్టాడు, ఊపాడు. మధ్యలో లెక్క తప్పి మళ్లీ మొదలుపెట్టాడు. చీకటి పడేవేళకి జవాబు వచ్చింది. తొమ్మిది వందల డెబ్బై నాలుగు. చెయ్యి అలవాటు కొద్దీ 981 అని రాయబోయింది. ఆయన దాన్ని ఆపాడు.

మర్నాడు ఒక పిల్లాడు రికార్డు పుస్తకం తెచ్చి, అడుగున ఎర్రగీత గీసుకుని, "సార్, 981 రాసీమంటారా?" అని అడిగాడు.

"నాకు 974 వచ్చింది," అన్నాడు సన్యాసిరావు. "నీకెంత వస్తుందో ఊపి చూడు, తరవాత చెబుదువు గాని."